ఎకరం లెక్కలో కనిపించనివారు

ఒక ఊరి పొలాలు నగరంలో కలిసిపోతున్నాయని తెలియగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, ఎకరానికి ఎంత ఇస్తారని. ఆ ప్రశ్నలో తప్పు లేదు. కాని అది పట్టాదారు ప్రశ్న. ఆ ఎకరాన్ని నమ్ముకొని పట్టాదారు కాక ఇంకెందరు బ్రతుకుతున్నారో అందులో రాదు. మన కుటుంబాలలో సొంత భూమి ఉన్నవారి కంటే కౌలుకు చేసేవారు, కూలికి వెళ్లేవారు, నాలుగు గేదెలతోనో కూరగాయల బండితోనో సంసారం గడుపుకొనేవారే ఎక్కువ. కనుక ఈ నెల ఆ రెండవ లెక్క చూద్దాం.

అమరావతినే తీసుకోండి. విజయవాడ, గుంటూరుల నడుమ ఉన్న సారవంతమైన సాగుభూములకు నష్టం కలుగరాదని 2014లోనే శివరామకృష్ణన్ కమిటీ హెచ్చరించింది. అయినా 2015లో 29 గ్రామాల పరిధిలో సుమారు 33,000 ఎకరాలను భూసమీకరణ పేరిట తీసుకున్నారు. మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు ఎకరానికి 1,000 గజాలు, 450 గజాలు ఇస్తామన్నారు. పైగా పదేళ్లపాటు ఏటా కౌలు: మొదటి ఏడు మెట్టకు 30,000 రూపాయలు, జరీబుకు 50,000 రూపాయలు, ఆపై ఏటేటా పెంపు. భూమి లేని కుటుంబానికి మాత్రం అప్పట్లో నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. రోజుకు 83 రూపాయలు. ఇంటికంతా కలిపి.

జరీబు అంటే కృష్ణ ఒడ్డున తక్కువ లోతులోనే నీరు అందే నేల. అరటి, పసుపు, కూరగాయలు, పూలు ఒకదాని వెంట ఒకటి పండుతాయి. అటువంటి నేలలో ఏడాది పొడవునా పని ఉంటుంది. తెల్లవారుజామున పూలు కోయాలి, మధ్యాహ్నం కలుపు తీయాలి, సాయంత్రం కాయలు బుట్టలకెత్తాలి. ఆ పనులలో అధికభాగం స్త్రీలవి. భర్త సంపాదన ఎటు పోయినా, తన కూలి డబ్బుతో పిల్లల ఫీజు కట్టి పొయ్యి వెలిగించే తల్లులు ఎందరో! భవన నిర్మాణంలో పని దొరకదా అంటారు. దొరుకుతుంది, కాని అది చాలావరకు మగవారికి, పడుచువారికి, దూరప్రాంతాల నుండి గుత్తేదారులు తెచ్చుకొనే బృందాలకు. యాభై ఏళ్లు దాటిన కూలిమనిషికి సిమెంటు పనిలో చోటెక్కడ? హద్దు అవతలి ఊరి నుండి రోజూ ఈ పొలాలకు వచ్చిన కూలీలకు ఆ పింఛను కూడా లేదు. అది రాజధాని గ్రామాల నివాసులకే పరిమితం.

పాడి సంగతి మరీ విచిత్రం. సెంటు భూమి లేని ఇల్లాలు గేదెను ఎలా మేపగలిగింది? ఎవరి పొలం గట్టు మీదనో గడ్డి కోసుకొచ్చింది, కోత అయిన చేలో చొప్ప అడిగి తెచ్చుకున్నది. దానికెవరూ వెల కట్టలేదు. పొలాలు బీడుపడి, చుట్టూ కంచె లేచిన తర్వాత మేత కొనవలసి వచ్చింది. మేత కొని పాలు అమ్మితే మిగిలేది పేడ మాత్రమే! గేదెను అమ్మేశారు. ఆ నష్టం ఏ అధికారి పుస్తకంలోనూ లేదు.

ఇక కౌలుదారు. ప్రభుత్వం ఏటా చెల్లించే సొమ్మును కౌలు అనే పిలుస్తారు గాని, అది చేరేది భూయజమానికి. నిన్నటిదాకా నిజంగా కౌలుకు చేసినవానికి కాదు.

పట్టాదారుకైనా అంతా సుఖమే అనలేము. పొలం ఏటా పండుతుంది, స్థలం ఒక్కసారే అమ్ముడవుతుంది. 2019 తర్వాత నిర్మాణాలు ఆగిపోయి, ఏళ్ల తరబడి మళ్లీ మొదలు కాలేదు. ఆ నడిమి ఏళ్లలో పంటా లేదు, స్థలానికి బేరమూ లేదు. అప్పుచేసి పెళ్లిళ్లు చేసినవారి అవస్థ వేరే చెప్పాలా?

ఇంకొక విషయం, ఇది ఇంటి లోపలిది. పొలంగా ఉన్నన్నాళ్లు ఉమ్మడిగానే ఉంది లెమ్మని ఆడపిల్లల వాటా ప్రస్తావన వాయిదా పడుతుంది. పొలం స్థలాలుగా మారి పత్రాలు వ్రాసేనాటికి అన్నదమ్ముల పేర్లే అందులో ఉంటాయి. మా వద్దకు వారసత్వపు లెక్క అడగడానికి వచ్చేవారు తరచుగా స్థలం అమ్మిన తర్వాతే వస్తారు. ఆ ప్రశ్న పత్రం వ్రాయక ముందు రావాలి. భూమి రూపం మారినంత మాత్రాన అక్కచెల్లెళ్ల హక్కు మారదు.

2013 నాటి భూసేకరణ చట్టం భూమి లేనివారిని మరువలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమిమీదనే ప్రధానంగా ఆధారపడిన కూలీలను, కౌలుదారులను కూడా అది బాధిత కుటుంబాలుగా గుర్తించింది; సామాజిక ప్రభావాన్ని అంచనా వేయాలన్నది. కాని సమీకరణ ఆ చట్టం క్రింద జరిగే సేకరణ కాదు. యజమాని ఇష్టపడి సంతకం చేస్తే చాలు. కూలీ ఇష్టం ఎవరూ అడగరు.

2025లో రెండవ విడత సమీకరణ ప్రతిపాదన వచ్చింది. అటువంటి గ్రామాలలో ఉన్నవారు, సభ పెట్టిన రోజున ధర గురించి అడిగే ముందు భూమి లేని కుటుంబాల జాబితా చదివించమని కోరాలి. హద్దు అవతలి నుండి వచ్చే కూలీల మాట కూడా అక్కడే ఎత్తాలి. స్త్రీలు కూడా ఆ సభకు వెళ్లాలి. వారి పనిదినాల సంగతి వారికే బాగా తెలుసు. కౌలుదారులు పంట సాగుదారు హక్కు కార్డు ఇప్పుడే తీసుకోవాలి. 2019 నాటి చట్టం ప్రకారం దానికి యజమాని సంతకం కావాలి, భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. ఆ కార్డు వల్ల యాజమాన్య హక్కు సంక్రమించదు, దాని గడువు కూడా 11 నెలలే. ఈ సంగతి మన ఊరి భూయజమానులకు కూర్చోబెట్టి చెప్పగలవారు మనలో ఉన్నారు.