విద్యుత్ కారులో కుంపటి

విద్యుత్తుతో నడిచే కారులో డీజిలుతో మండే చిన్న హీటరొకటి అమర్చుకోవడం తప్పా? వినగానే నవ్వు పుట్టించే ప్రశ్నే. పొగ లేని బండి కావాలని అంత డబ్బు పోసి కొనుక్కుని, మళ్ళీ దానికే ఒక పొగగొట్టం పెట్టించుకోవడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. మా శాలిబండలో ఈ మాట ఎత్తినప్పుడు మిత్రులందరూ నవ్వారు. "ఏకాదశి ఉపవాసముండి మధ్యాహ్నం మిరపకాయ బజ్జీలు తిన్నట్టుంది" అన్నాడొకాయన. చమత్కారం బాగానే ఉంది గాని, దాని వెనకనున్న ఆలోచన సరైనది కాదని నా అభిప్రాయం. ఎందుకు కాదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

హైదరాబాదులో కూర్చుని కారు హీటరు గురించి మాట్లాడే అర్హత నీకెక్కడిదని ముందుగా ఎవరైనా అడగవచ్చు. నిజమే. ఈ నగరంలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ ఎప్పుడో 1946 జనవరి 8న. డిసెంబరు తెల్లవారుఝామున చార్మినారు దగ్గర నిలబడినవాడికి ఒక మఫ్లరూ, ఒక కప్పు చాయ్ సరిపోతాయి. కాని మా గల్లీల్లో గాలిపటాలు ఎగరేసిన పిల్లలు ఇప్పుడు సున్నాకు ముప్ఫై డిగ్రీలు దిగువన ఉండే ఊళ్ళలో కాపురాలు చేస్తున్నారు. నా మేనల్లుడు కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉంటాడు. చేతిలో ఉన్న డబ్బుకు దొరికింది తొలితరం విద్యుత్ కారు, వేరొకరు వాడి అమ్మినది. కొత్తగా ఉన్నప్పుడే దాని బ్యాటరీ సామర్థ్యం 24 యూనిట్లు. ఇప్పుడు అందులో సుమారు 16 మిగిలాయట. "మామయ్యా, హీటరు వేస్తే ఇల్లు చేరతానో లేదోనని భయం, వేయకపోతే అద్దం మంచు పట్టి రోడ్డు కనబడదు" అన్నాడు. వెనక సీటులో మూడేళ్ళ పాపను దుప్పటిలో చుట్టి శిశుసంరక్షణ కేంద్రానికి తీసుకువెళ్ళే తండ్రి మాట అది. అక్కడ వెచ్చదనం విలాసం కాదు. అద్దం మీది మంచు కరగకపోతే బండి నడపడమే ప్రమాదం.

పెట్రోలు కారులో ఈ సమస్య లేకపోవడానికి కారణం ఆ ఇంజను గొప్పతనం కాదు, దాని అసమర్థత. పోసిన పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులకు పైగా వేడిగా వృథా అవుతుంది. ఆ వృథా వేడిలోనుంచే కాస్త లోపలికి మళ్ళిస్తే కారు వెచ్చబడుతుంది. విద్యుత్ మోటారు అంత దుబారా మనిషి కాదు. దాదాపు అంతా చక్రానికే ఇచ్చేస్తుంది, అందువల్ల మిగులు వేడి ఉండదు. వెచ్చదనం కావాలంటే బండిని నడిపే బ్యాటరీనుంచే తియ్యాలి. అమెరికా మోటారు వాహనదారుల సంఘమైన ఏఏఏ 2019లో ఐదు విద్యుత్ కార్లను పరీక్షించింది. సున్నాకు దాదాపు 7 డిగ్రీలు దిగువన, హీటరు వేయకుండా నడిపితే ఒక చార్జింగుతో పోయే దూరం సగటున 12 శాతం తగ్గింది. హీటరు వేస్తే ఆ తగ్గుదల 41 శాతం. ఇది ఏడు డిగ్రీల చలి సంగతి. ముప్ఫై డిగ్రీల చలి సంగతి మీరే ఊహించుకోవచ్చు.

అందుకే మంటతో పనిచేసే విడి హీటరు ఆలోచన వచ్చింది. ఇది కొత్తదేమీ కాదు. గాలితో చల్లబడే ఇంజనున్న పాత ఫోక్స్‌వాగన్ బీటిల్‌లో వెచ్చదనం చాలదని, కావాలన్నవారికి విడిగా పెట్రోలు హీటరు అమర్చి ఇచ్చేవారు. ఎబర్‌స్పేషర్, వెబాస్టో అనే జర్మన్ కంపెనీలు లారీలకూ, పడవలకూ ఇలాంటివి దశాబ్దాలుగా తయారుచేస్తున్నాయి. వోల్వో కంపెనీ 2011లో తెచ్చిన సీ30 విద్యుత్ కారులో ఎథనాలుతో మండే హీటరును తానే పెట్టింది. ఉత్తర ఐరోపా నగరాల్లో తిరిగే విద్యుత్ బస్సుల్లో అనేకం ఇప్పటికీ లోపలి వెచ్చదనానికి చిన్న ఇంధనపు హీటరును మోస్తున్నాయి. అంటే ఇది ఏ పిచ్చివాడి ఊహో కాదు, చలిని ఎరిగిన ఇంజనీర్లు ఒప్పుకున్న మార్గం.

ఇక లెక్కకు వద్దాం. కారు లోపల వెచ్చగా ఉంచడానికి గంటకు మూడు యూనిట్ల వేడి కావాలనుకుందాం. లీటరు డీజిలులో సుమారు పది యూనిట్ల శక్తి ఉంటుంది. హీటరు అందులో ఎనిమిదింటిని లోపలికి అందిస్తే, గంటకు ఖర్చయ్యేది నాలుగు వందల మిల్లీలీటర్లకన్న తక్కువ. వెలువడే బొగ్గుపులుసు వాయువు ఒక కిలో. అదే గంటలో, నగరపు రద్దీలో ముప్ఫై కిలోమీటర్లు నడిచే పెట్రోలు కారు రెండు లీటర్లకు పైగా తాగి అయిదు కిలోలకు పైగా వదులుతుంది. కుంపటి పెట్టుకున్న విద్యుత్ కారు తాగే ఇంధనం అందులో ఆరో వంతు. ఆరింట అయిదు వంతులు మానేసినవాణ్ణి పట్టుకుని, మిగిలిన ఒక్క వంతు కోసం కపటి అనడం న్యాయమా?

మరొక సంగతి ఉంది. విద్యుత్తు తనంతట తాను మడి వస్తువు కాదు. మన ఇళ్ళలోకి వచ్చే కరెంటులో అధికభాగం బొగ్గునుంచి వస్తుంది. 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ కేంద్రం చూసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. అక్కడ నూరు పాళ్ళ వేడి పుట్టిస్తే విద్యుత్తుగా మారేది ముప్ఫై అయిదు పాళ్ళకు అటూ ఇటూ. తక్కినది నీటి ఆవిరై, వేడిగాలై పోతుంది. అలా మూడు వంతుల మంటను ఒక వంతు కరెంటుగా మార్చి, తీగలమీదుగా తెచ్చి, బకెట్లో ఇమ్మర్షన్ రాడ్డు పెట్టి, దాన్ని మళ్ళీ వేడిగానే మార్చుకుంటాం! మన దేశంలో సగటున ఒక యూనిట్ విద్యుత్తుకు దాదాపు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఆ లెక్కన పైన చెప్పిన మూడు యూనిట్ల వేడిని మామూలు కాయిల్‌తో పుట్టిస్తే రెండు కిలోలు దాటుతుంది. డీజిలు మంటతో అయితే ఒక కిలో. మా మేనల్లుడుండే ఆల్బర్టా రాష్ట్రంలో 2024లో బొగ్గు కేంద్రాలు ముగిసిపోయినా, ఇప్పటికీ విద్యుత్తు ప్రధానంగా సహజవాయువును మండించగా వచ్చేదే. పొగ పోదు, అది ఎక్కడ వస్తుందన్నదే తేడా.

మన పాత ఇళ్ళకు ఈ జ్ఞానం కొత్త కాదు. ఇడ్లీ పిండి రుబ్బేది కరెంటు గ్రైండరు, ఇడ్లీ ఉడికించేది గ్యాసు పొయ్యి. దీన్ని ఎవరైనా ద్వంద్వ వైఖరి అన్నారా? రంజాను నెలలో మా వీధుల్లో మట్టి భట్టీలు కట్టి, కట్టెల మంటమీద హలీమును గంటల తరబడి ఉడికిస్తారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ వంటకానికి కట్టెల మంటే ప్రాణమంటారు వండేవాళ్ళు. ఆ పక్కనే వెలిగే దీపాలూ, తిరిగే పంకాలూ కరెంటువి. తిప్పడానికి మోటారు, ఉడకడానికి మంట. పనికి తగిన శక్తిని వాడుకోవడం మన వంటిల్లు ఏనాడో నేర్చింది.

ఎదుటి పక్షం వాదనలో బలం లేదనను. వేడిని పుట్టించకుండా బయటి గాలినుంచి లోపలికి తోడే హీట్ పంపు ఇప్పుడు చాలా కొత్త విద్యుత్ కార్లలో వస్తున్నది. మన ఏసీని తిరగేసి పెట్టినట్టు పనిచేసే యంత్రమది. ఒక యూనిట్ విద్యుత్తు తీసుకుని రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. అది ఉన్నప్పుడు డీజిలు హీటరు వాదం చాలావరకు వీగిపోతుంది. నార్వేలో లాగా విద్యుత్తు దాదాపు అంతా జలపాతాలనుంచి వచ్చే చోట కాయిల్ హీటరు కూడా డీజిలుకన్న శుభ్రమైనదే. అయితే హీట్ పంపు కూడా చలి ముదిరేకొద్దీ నీరసిస్తుంది. పైగా అది పాత కార్లలో లేదు. దాన్ని కొనాలంటే కొత్త కారు కొనాలి. నా అసలు అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది.

మడి కట్టుకోవడానికి కూడా ఆస్తి ఉండాలి. ఆరబెట్టిన పట్టుబట్ట, వేరే వంటిల్లు, నీళ్ళు తోడిపెట్టే మనిషి ఉన్నవాడికి మడి సులువు. కొత్త కారు, వెచ్చని గ్యారేజీ, అందులో సొంత చార్జరు ఉన్నవాడు ఒక్క చుక్క డీజిలు ముట్టకుండా చలికాలం గడిపేస్తాడు. పాత కారు కొన్నవాడికి, అద్దె ఇంట్లో ఉన్నవాడికి ఆ భాగ్యం లేదు. మనం అతని హీటరును చూసి నవ్వితే అతను హీటరు మానడు, విద్యుత్ కారు మానేస్తాడు. మళ్ళీ పెట్రోలు కారు కొంటాడు, ఎవరూ నవ్వరు. ఇందులో గాలికి కలిగిన మేలేమిటి?

ఇదే మనస్తత్వం మన పాతబస్తీలోనూ చూస్తున్నాను. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించిన విధానంలో విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము 2026 డిసెంబరు చివరివరకు మినహాయించింది. మంచి పనే. కాని బండి నిలపడానికి చోటు లేని గల్లీలో, మూడో అంతస్తులో అద్దెకుంటున్న ఆటో నడిపేవాడు రాత్రిపూట చార్జింగు ఎక్కడ పెట్టాలి? కిటికీలోంచి తీగ వదులుకుని బ్యాటరీ ఆటో నడిపేవాడు, దూరపు కిరాయికి తమ్ముడి గ్యాసు ఆటో తీసుకుపోతే, "అదేం మార్పు?" అంటాం. మార్పంటే అలాగే ఉంటుంది. ఒకేసారి ఒడ్డు చేరడం పడవ ఉన్నవాడికే సాధ్యం. ఈదేవాడు మధ్యలో ఏ బండరాయినో పట్టుకుని ఊపిరి తీసుకుంటాడు.

ఇంతగా సమర్థించాను కనుక ఒక హెచ్చరిక చేయకపోతే పాపం. మంట అంటే మంటే. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని తెల్లవారేసరికి లేవనివారి వార్తలు ఉత్తరాదినుంచి ప్రతి చలికాలం వింటూనే ఉంటాం. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడు చేసే పని అది. రక్తంలోని హీమోగ్లోబిను ప్రాణవాయువుకన్న రెండు వందల రెట్లకు పైగా ఇష్టంగా దాన్ని పట్టుకుంటుంది. మనిషికి నిద్ర వస్తున్నట్టే ఉంటుంది, అంతే. అందుచేత కారులో పెట్టే హీటరు మన పెరట్లో ఉండే రాగి బాయిలరులాంటిదై ఉండాలి. అందులో నిప్పు మధ్య గొట్టంలో ఉంటుంది, నీళ్ళు చుట్టూ ఉంటాయి, రెండూ ఎక్కడా కలవవు. మంచి హీటరూ అంతే. మంటకు గాలి బయటనుంచి వస్తుంది, పొగ బయటికే పోతుంది, వేడి మాత్రం లోహపు గోడ దాటి లోపలికి వస్తుంది. మేనల్లుడికి నేను చెప్పినదీ ఇదే: లైసెన్సున్న పనివాడి చేత పెట్టించు, పొగగొట్టం కిటికీకీ తలుపుకీ దూరంగా ఉండేలా చూడు, కార్బన్ మోనాక్సైడు పసిగట్టే అలారం లోపల పెట్టు, మూసిన గ్యారేజీలో ఎన్నడూ వెలిగించకు, గుడారాల్లో వాడే గ్యాసు హీటరు మాత్రం కారులోకి తేవద్దు.

ఇక్కడివారికీ ఒక మాట. ఒకప్పుడు వంటగ్యాసు సిలిండరును డిక్కీలో దాచి కార్లు నడిపిన ఊరు మనది. చేతిపని తెలిసిన మెకానిక్కు ఏదైనా అమర్చగలడు, కాని అమర్చగలగడం వేరు, అమర్చదగినది కావడం వేరు. బండి నిర్మాణాన్ని అనుమతి లేకుండా మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది ఊరికే కాదు. పైగా మనకు కావలసింది చల్లదనం. ఏఏఏ పరీక్షలోనే 35 డిగ్రీల ఎండలో ఏసీ వేసి నడిపితే తగ్గిన దూరం 17 శాతం మాత్రమే. మన ఎండలు నలభై దాటినా ఆ భారం చలిదేశపు భారమంత కాదు. ఈ ఒక్క విషయంలో విద్యుత్ కారుకు ఎడ్మంటన్‌కన్న హైదరాబాదే అచ్చివచ్చే ఊరు.

విద్యుత్ వాహనం వ్రతం కాదు, ఒక ఉపాయం. ఉపాయాన్ని ఫలితంతో కొలవాలి గాని నిష్ఠతో కాదు. ఎంత పొగ తగ్గింది, ఎవరి ప్రాణం భద్రంగా ఉంది, ఎంతమందికి అందుబాటులోకి వచ్చింది: ఈ మూడూ అడిగి, జవాబు బాగుంటే, గంటకు గ్లాసెడు రెండు గ్లాసుల డీజిలును క్షమించవచ్చు. రేపు అతనికి హీట్ పంపున్న కారు కొనే స్తోమతు వస్తే ఆ కుంపటి తనంతట తానే మూలకు చేరుతుంది. అంతవరకు పాప వెచ్చగా ఉండనివ్వండి.