యాడి వంతు గుడ్డు



మొన్న మా రూములో ఫోన్ల డెవిల్డ్ ఎగ్స్ వీడియో చూసినం. డెవిల్ అంటే దయ్యం. ఘాటు ఎక్కువున్న వంటకు ఇంగ్లండోళ్లు 18వ శతాబ్దంలో పెట్టిన పేరట. మనకు కారం దయ్యమెట్లయితది? రోజూ తినేదే కదా!

మయోనైజ్ లేకుండా ఎట్ల అని ఒక తమ్ముడు అడిగిండు. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను మన రాష్ట్రంలో 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించిన్రు, యాదుంది కదా. అది వద్దు. పెరుగును బట్టల కట్టి గంటసేపు వేలాడదీస్తే గట్టిగైతది, అదే చాలు.

నేను ఇంట్ల చేసిన. నాలుగు గుడ్లు పది నిమిషాలు ఉడకబెట్టి చల్లనీళ్లల్ల వేయాలె. ఎక్కువ ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ గీత పడ్తది. పొట్టు తీసి నిలువుగా రెండు ముక్కలు కోసి, సొన తీసి మెదపాలె. అండ్ల గట్టి పెరుగు, చిటికెడు ఆవపొడి, ఉప్పు, నిమ్మరసం కలిపి మళ్ల తెల్లసొనల నింపి, పైన కారం చల్లాలె.

అసలు ముచ్చట ఇప్పుడు చెప్తా. గుడ్ల పులుసు వండినప్పుడు మా యాడి అందరి తర్వాత తింటది. ఆమె గిన్నెల పులుసే ఉంటది, గుడ్డు ఉండదు. అడిగితే "తిన్న బేటా" అంటది. ఈ వంటల అట్ల దాచుడు కుదరదు. నాలుగు గుడ్లు, ఎనిమిది ముక్కలు, నలుగురం. ఒక్కొక్కరికి రెండు. లెక్క పళ్లెంలనే కనబడ్తది. ఆ రోజు యాడి రెండు ముక్కలు మా ముందే తిన్నది.

మెస్ చార్జీలు పెంచాలని స్టూడెంట్లు ఏండ్ల తరబడి అడిగితే 2024ల ఇంటర్ నుంచి పీజీ దాకా 1,500 నుంచి 2,100 రూపాయలు చేసిన్రు. ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీల రోజూ గుడ్డు పెడ్తరు. పిల్లలు పెద్దగైనంక ఆ తల్లి గుడ్డు గురించి ఎవరడుగుతరు? మనమే అడగాలె. వట్టిగ అడిగితే "తిన్న" అంటది, అందుకే మనమే వండి పెట్టాలె. ఇది మగపిల్లలకు ఇంకా గట్టిగ చెప్తున్న.

శివరాత్రికి ఇంటికి పోతం కదా. వేములవాడ జాతర, ఒక్కపొద్దు అయినంక తెల్లారి నాలుగు గుడ్లు ఉడకబెట్టున్రి. మొదటి ముక్క యాడికి పెట్టున్రి.