ఐవో జిమా: మ్యాప్‌లో చుక్కంత దీవి.. సైన్యానికి ఓకే, సొంత జనానికి మాత్రం నో ఎంట్రీ.. అసలెందుకు?

పసిఫిక్ మహాసముద్రంలో టోక్యోకు దక్షిణాన దాదాపు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది ఐవో జిమా. నిప్పులు కక్కే అగ్నిపర్వతం మీదున్న చిన్న దీవి ఇది. తాగడానికి ఊట నీళ్లు కూడా ఉండవు. నేలలోంచి గంధకం పొగలు వస్తుంటాయి. అసలు ఆ పేరుకు అర్థమే ‘గంధకం దీవి’. అలాంటి చోటు కోసం 1945లో 36 రోజుల పాటు భీకర యుద్ధం జరిగింది. దాదాపు 6,800 మంది అమెరికన్లు, 20 వేల మంది వరకు జపనీయులు చనిపోయారు. అంతగా అక్కడ ఏముంది?

రన్‌వే కోసమే రక్తపాతం

సింపుల్‌గా చెప్పాలంటే.. దూరం. 1944లో సైపాన్, టినియన్, గువామ్ దీవులు అమెరికా చేతికి వచ్చాయి. అక్కడి నుంచి బీ-29 బాంబర్లు టోక్యోకు వెళ్లాలంటే ఒకవైపే సుమారు 2,400 కిలోమీటర్లు. ఈ దారికి దాదాపు సగంలో ఐవో జిమా ఉంది. అక్కడి జపాన్ రాడార్ బాంబర్లను ముందే పసిగట్టేది. అక్కడి నుంచి లేచిన విమానాలు సైపాన్ స్థావరాలపైనా దాడి చేశాయి. పైగా యుద్ధ విమానాలను బాంబర్లకు తోడుగా పంపాలన్నా, దెబ్బతిన్న విమానం దిగాలన్నా మధ్యలో ఒక రన్‌వే కావాలి.

1945 ఫిబ్రవరి 19న అమెరికా మెరైన్లు ఒడ్డుకు దిగారు. నల్లటి అగ్నిపర్వత ఇసుకలో కాళ్లు కూరుకుపోయాయి, బండ్లు దిగబడిపోయాయి. అదే అగ్నిపర్వతపు మెత్తటి రాయి జపాన్ సైనికులకు కలిసొచ్చింది. జనరల్ కురిబయాషి ఆ రాయిలో కిలోమీటర్ల కొద్దీ సొరంగాలు తవ్వించారు. లోపల విపరీతమైన వేడి, గంధకం పొగ. అందులో ఉండే పోరాడారు. సురిబాచి కొండ మీద మెరైన్లు జెండా పాతుతున్న ఫేమస్ ఫొటో ఫిబ్రవరి 23 నాటిది. ఆ తర్వాత కూడా నెల రోజులకు పైగా యుద్ధం సాగింది.

అంత మూల్యం అవసరమా?

యుద్ధం ముగిసేలోపు అక్కడ 2 వేలకు పైగా బీ-29 ల్యాండింగ్‌లు జరిగాయి. ‘ఇన్ని విమానాల సిబ్బంది బతికారు’ అని అప్పట్లో గట్టిగా చెప్పారు. కానీ వాటిలో చాలావరకు ఇంధనం కోసమో, శిక్షణ కోసమో దిగినవేనని తర్వాత కొందరు చరిత్రకారులు తేల్చారు. అంటే చెప్పుకున్నంత లాభం దక్కలేదన్నమాట.

ఊరి జనం ఏమయ్యారు?

ఆ ఫొటోలో కనిపించని వాళ్లున్నారు. యుద్ధానికి ముందు ఆ దీవిలో వెయ్యి మందికి పైగా జనం ఉండేవారు. చెరకు పండించేవారు, గంధకం తవ్వేవారు. 1944లో జపాన్ సైన్యం వాళ్లను ఖాళీ చేయించింది. సుమారు వంద మంది మగవాళ్లను మాత్రం పనుల కోసం అక్కడే ఉంచేసింది. వారిలో ఎక్కువమంది ప్రాణాలతో బయటపడలేదు.

1968లో అమెరికా ఈ దీవిని జపాన్‌కు తిరిగి ఇచ్చేసింది. పక్కనున్న చిచిజిమా, హాహాజిమా వాసులు ఇళ్లకు వెళ్లారు. ఐవో జిమా వాళ్లకు మాత్రం ఆ అవకాశం రాలేదు. అగ్నిపర్వతం వల్ల అక్కడ జనం స్థిరపడటం కష్టమని 1984లో ప్రభుత్వ సలహా మండలి తేల్చింది.

ఆ ప్రమాదం నిజమే. నేల ఏటా పైకి లేస్తూనే ఉంది. రేవు కోసం అప్పట్లో అమెరికా ముంచిన ఓడలు ఇప్పుడు ఒడ్డున పడి ఉన్నాయి. 2023లో తీరం పక్కనే సముద్రంలో విస్ఫోటనం జరిగి కొత్త దిబ్బ పుట్టింది. కానీ అదే నేల మీద జపాన్ సైనిక స్థావరం నడుస్తోంది. అమెరికా నేవీ పైలట్లు కూడా అక్కడ ల్యాండింగ్ ప్రాక్టీస్ చేస్తూ వచ్చారు. సైనికులను ఒక్క ఆర్డర్‌తో తరలించొచ్చు, పిల్లాపాపలున్న ఊరిని అలా తరలించలేం అన్నది ఒక వాదన. అయితే పాత వాసులకు, వారి వారసులకు దక్కుతున్నది అప్పుడప్పుడు సమాధుల దగ్గరికి వెళ్లొచ్చే అవకాశమే. 10 వేల మందికి పైగా జపాన్ సైనికుల అవశేషాలు ఇంకా ఆ మట్టిలోనే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో చక్రవర్తి నరుహితో అక్కడికి వెళ్లి నివాళి అర్పించారు.

మళ్లీ అదే లెక్క

ఇదంతా పాత కథ అనుకుంటే పొరపాటే. హిరోషిమాపై అణుబాంబు వేసిన విమానం లేచింది టినియన్ నుంచే. అక్కడ అడవి కమ్మేసిన పాత ఎయిర్‌ఫీల్డ్‌ను అమెరికా ఇప్పుడు మళ్లీ బాగు చేస్తోంది. చైనాతో యుద్ధమే వస్తే విమానాలన్నీ గువామ్‌లోనే ఉంటే క్షిపణులకు ఈజీ టార్గెట్. అందుకే వాటిని చిన్న చిన్న దీవులకు చెదరగొట్టాలన్నది ప్లాన్.

టెక్నాలజీ మారింది కానీ లెక్క మారలేదు. సముద్రం మధ్యలో రన్‌వే ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పైచేయి. ఆ లెక్కలో దీవి జనం ఎక్కడుంటారన్నదే అసలు ప్రశ్న. ఐవో జిమా వాసులు ఆ జవాబు కోసం 80 ఏళ్లకు పైగా ఎదురుచూస్తున్నారు.