ప్రోస్ట్, సెన్నా, వారి అభిమానులు

ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్నవాడు ఓడిపోవడం న్యాయమేనా? కారు పందేల అభిమానులు ముప్పై ఏళ్లకు పైగా తగవులాడుకుంటున్న ప్రశ్న ఇది. తగవు ఇద్దరు డ్రైవర్ల గురించి. ఒకరు ఫ్రాన్స్ దేశస్థుడు అలెన్ ప్రోస్ట్, రెండోవారు బ్రెజిల్ దేశస్థుడు అయర్టన్ సెన్నా. 1988, 1989 సంవత్సరాల్లో వీరిద్దరూ మెక్‌లారెన్ అనే ఒకే జట్టు తరఫున, ఒకే రకం కార్లు నడిపారు. అందువల్ల గెలుపు కారుదా, నడిపినవాడిదా అన్న సందేహానికి తావు తగ్గి, ‘మావాడు గొప్ప’ అనే వాదానికి బలం పెరిగింది.

వీరు పోటీపడింది ఫార్ములా వన్‌లో. ఇది ఏడాది పొడవునా వేర్వేరు దేశాల్లో జరిగే పందేల వరుస. ప్రతి పందెంలోనూ వచ్చిన స్థానాన్ని బట్టి డ్రైవర్‌కు పాయింట్లు ఇస్తారు. ఏడాది చివర ఆ పాయింట్ల లెక్కలో ముందున్నవాడు ఛాంపియన్. (2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగింది విద్యుత్తుతో నడిచే కార్ల పందెం. అది వేరే పోటీ.)

ముందు 1988 లెక్క చూద్దాం. కలం, కాగితం దగ్గర పెట్టుకోండి. ఆ ఏడాది 16 పందేలు జరిగాయి. మొదటి స్థానానికి 9 పాయింట్లు, రెండో స్థానానికి 6, మూడో స్థానానికి 4, ఆపైన వరుసగా 3, 2, 1. ప్రోస్ట్ ఏడు పందేలు గెలిచి, మరో ఏడింటిలో రెండో స్థానంలో నిలిచాడు. అంటే 63, 42 కలిపి 105. సెన్నా ఎనిమిది గెలిచాడు. మూడింటిలో రెండో స్థానం, ఒకదానిలో నాలుగు, ఒకదానిలో ఆరు. మొత్తం 94. అయినా ఛాంపియన్ అయింది సెన్నా.

దీనికి కారణం అప్పటి నిబంధన. డ్రైవర్ సాధించిన వాటిలో అత్యుత్తమమైన 11 ఫలితాలనే లెక్కలోకి తీసుకునేవారు. ప్రోస్ట్‌కు పాయింట్లు వచ్చిన పందేలు 14. వాటిలో మూడు రెండో స్థానాలు, అంటే 18 పాయింట్లు, తీసివేయగా మిగిలింది 87. సెన్నాకు పాయింట్లు వచ్చినవి 13. నాలుగో స్థానం, ఆరో స్థానం తీసివేయగా 90.

అసలైన ఛాంపియన్ ప్రోస్టేనని ఆయన అభిమానులు ఇప్పటికీ అంటారు. నేను ఒప్పుకోను. పరీక్ష పత్రంలో ‘ఏవైనా అయిదు ప్రశ్నలకు జవాబులు రాయండి’ అని ఉన్నప్పుడు ఎనిమిదింటికి రాసినవారు ఎనిమిదింటికీ మార్కులు అడగగలరా? నిబంధన మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అది ఏడాది మొదట్లోనే ఇద్దరికీ తెలుసు. నిబంధన మరోలా ఉంటే ఇద్దరూ మరోలా నడిపి ఉండేవారు. కాబట్టి ఆ పాత ఫలితాలకు కొత్త లెక్క కట్టి ఛాంపియన్‌ను మార్చడం కుదరదు. 1988 సెన్నాదే.

1989లో కథ ఇంకొక మలుపు తిరిగింది. జపాన్‌లోని సుజుకాలో పందెం. పాయింట్లలో ప్రోస్ట్ ముందున్నాడు. సెన్నా గెలిచి తీరాలి. చివరి చుట్లలో, ఒక ఇరుకు మలుపు దగ్గర సెన్నా లోపలి వైపు నుంచి దూరబోయాడు. ప్రోస్ట్ దారి ఇవ్వకుండా కారు తిప్పాడు. రెండు కార్లూ ఒకదానికొకటి తగులుకుని ఆగిపోయాయి. ప్రోస్ట్ దిగిపోయాడు. సెన్నా కారును అక్కడి సిబ్బంది తోయగా, ఆ మలుపును వదిలి పక్కదారిన వెళ్లి, మళ్లీ పందెంలో కలిసి అందరికంటే ముందు వచ్చాడు. మలుపు తిరగకుండా వెళ్లాడన్న కారణంతో అధికారులు అతన్ని అనర్హుడిగా ప్రకటించారు. ఛాంపియన్ ప్రోస్ట్ అయ్యాడు. అప్పటి అంతర్జాతీయ పందేల సంఘం అధ్యక్షుడు బలెస్ట్ర్ కూడా ఫ్రాన్స్ దేశస్థుడే కావడంతో సెన్నా అభిమానుల అనుమానం మరింత ముదిరింది. ప్రోస్ట్ కావాలనే ముందుగా తిప్పాడని ఒక పక్షం, చోటు లేని చోట సెన్నా దూరాడని మరో పక్షం. ఈ ఒక్క విషయంలో తీర్పు చెప్పే సాహసం నేను చేయను.

1990 సంగతి అలా కాదు. ప్రోస్ట్ ఫెరారీ జట్టుకు మారాడు. మళ్లీ సుజుకాయే. ఈసారి పాయింట్లలో ముందున్నది సెన్నా. ఇద్దరూ పందెం పూర్తిచేయకపోతే ఛాంపియన్ సెన్నాయే అవుతాడు. అందరికంటే ముందు నిలబడే హక్కు సెన్నా సంపాదించుకున్నాడు. కానీ ఆ చోటు కార్లు తిరగని వైపు, దుమ్ము పట్టి, చక్రాలకు పట్టు దొరకని వైపు ఉంది. దాన్ని మార్చమని అడిగితే అధికారులు ఒప్పుకోలేదు. అనుకున్నట్టే ప్రోస్ట్ ముందుకు దూకాడు. మొదటి మలుపులో సెన్నా వేగం తగ్గించలేదు. గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటిన వేగంతో రెండు కార్లూ ఢీకొని రోడ్డు పక్క కంకరలోకి దూసుకుపోయాయి. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. సెన్నా ఛాంపియన్ అయ్యాడు. ప్రోస్ట్ ముందుకు వస్తే దారి ఇవ్వకూడదని తాను ముందే నిశ్చయించుకున్నానని మరుసటి ఏడాది, 1991లో, సెన్నాయే బహిరంగంగా చెప్పాడు.

‘ప్రోస్ట్‌కు తగిన శాస్తి జరిగింది’ అన్నారు అభిమానులు. ఇప్పటికీ అంటున్నారు. వారి వెనక ఇరవైకి పైగా కార్లు అదే మలుపులోకి అదే వేగంతో వస్తున్నాయి. రోడ్డు పక్కన జెండాలు పట్టుకుని సిబ్బంది నిలబడి ఉన్నారు. వీరంతా ప్రోస్ట్‌కు జరిగే శాస్తిలో భాగం పంచుకోవలసినవారా? అంతకుముందు ఏడాది సెన్నాకు అన్యాయం జరిగిందనే అనుకుందాం. దానికి అప్పీలు ఉంది, పత్రికలు ఉన్నాయి, పందెం మానుకునే దారి ఉంది. మనిషి మీదికి కారు తోలడం వీటిలో ఒకటి కాదు. ఇదే పని ప్రోస్ట్ చేసి ఉంటే ఈ అభిమానులే ఏమనేవారో ఊహించండి. అయినవారికి ఆకుల్లో, కానివారికి కంచాల్లో అన్నట్టు తప్పొప్పులను కూడా వడ్డించడం అభిమానులకు అలవాటు. మన క్రికెట్ అభిమానులకూ, సినిమా అభిమానులకూ ఈ మాట వర్తిస్తుంది గాని, అక్కడ ప్రాణం మీదికి వచ్చే సందర్భాలు తక్కువ.

కారు పందెంలో ప్రాణం అన్నది ఉత్త మాట కాదు. 1994 ఏప్రిల్ 30న ఇటలీలోని ఇమోలాలో ఆస్ట్రియా డ్రైవర్ రోలాండ్ రాట్జెన్‌బర్గర్ మరణించాడు. మర్నాడు అక్కడే సెన్నా మరణించాడు. సావో పాలోలో సెన్నా శవపేటికను మోసినవారిలో ప్రోస్ట్ ఒకడు. అంతకు ఆరు నెలల ముందు, 1993లో ప్రోస్ట్ చివరి పందెం ముగిశాక, గెలిచిన సెన్నా ఆయన్ను చేయి పట్టి తన మెట్టు మీదికి లాక్కున్నాడు. ఈ రెండు సంగతులూ తెలిసినవారు కూడా వాదనలో వాటిని ఎత్తరు.

ఇటీవలి తగవు కూడా ఒకటి చెప్పాలి. 2021 డిసెంబరులో అబుదాబిలో చివరి పందెం మొదలయ్యేసరికి లూయిస్ హామిల్టన్, మాక్స్ వెర్‌స్టాపెన్ ఇద్దరికీ సరిగ్గా 369.5 పాయింట్లే. మరొకరి కారు గోడకు కొట్టుకోవడంతో రక్షణ కారు వెనక అందరూ నెమ్మదిగా నడవవలసివచ్చింది. ఒక చుట్టు వెనకబడిన కార్లలో, ఆ ఇద్దరి మధ్య ఉన్న అయిదింటిని మాత్రమే అధికారి ముందుకు పంపి, ఒక్క చుట్టు మిగిలి ఉండగా పందెం తిరిగి మొదలుపెట్టించాడు. కొత్త టైర్లున్న వెర్‌స్టాపెన్ గెలిచాడు. ఆయన దొంగ అని ఒక వర్గం, అసలు తప్పే జరగలేదని మరో వర్గం. రెండూ తప్పేనని నా అభిప్రాయం. వెర్‌స్టాపెన్ తనకిచ్చిన పందెం నడిపాడు, పొరపాటు అధికారిది. దాన్ని మానవ పొరపాటుగా సంఘమే 2022 మార్చిలో ఒప్పుకుంది. ఫలితం మాత్రం మారలేదు.

వెనకబడిన కార్లను పంపే నిబంధనలో అప్పుడున్న ఇంగ్లీషు మాట ‘ఎనీ’. ‘ఎనీ’ అంటే ‘ఆల్’ కాదని వెర్‌స్టాపెన్ జట్టు విచారణలో వాదించింది. 2022 నిబంధనల్లో ఆ మాట తీసివేసి ‘ఆల్’ అని రాశారు.