తొలితరం విద్యార్థికి కళాశాలే బంధుబలం

కొత్తగా వెలసిన ప్రాంతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటు వస్తే చేరాలా, మరో ఏడాది ఆగి పేరున్న సంస్థకు ప్రయత్నించాలా? ఈ ప్రశ్న అన్ని ఇళ్లలోనూ ఒకే బరువుతో ఉండదు. మేనమామ సీనియర్ న్యాయవాది అయిన విద్యార్థికి గ్రంథాలయం అరకొరగా ఉన్నా, పూర్వ విద్యార్థుల అండ లేకున్నా నష్టం స్వల్పమే. పట్టా చేతికి రాగానే అతని కోసం ఒక కుర్చీ సిద్ధంగా ఉంటుంది. దళితవాడ నుంచి వచ్చిన తొలితరం విద్యార్థినికి సంస్థ ఇవ్వనిది మరెవరూ ఇవ్వరు. కొత్త సంస్థల లోటుపాట్లకు అసలు మూల్యం చెల్లించేది ఆమే.

విశాఖలో 2008లో ఏర్పడిన న్యాయ విశ్వవిద్యాలయం నేడు దామోదరం సంజీవయ్య పేరు ధరించింది. కర్నూలు జిల్లా పెదపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టి, మద్రాసులో న్యాయశాస్త్రం చదివి, 1960లో దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి అయిన నేత ఆయన. పేరు పెట్టడం గౌరవమే. అయితే అలాంటి ఇళ్ల పిల్లలు ఏ న్యాయ విద్యాసంస్థలోనైనా ప్రవేశించి, చివరిదాకా నిలవగలగడమే అసలు పరీక్ష.

ప్రవేశ పరీక్ష క్లాట్ ఆంగ్లంలోనే జరుగుతుంది. దాన్ని దాటినా రుసుము గడువు కాచుకొని ఉంటుంది. రూ.17,500 సకాలంలో కట్టలేక ధన్‌బాద్ ఐఐటీలో సీటు కోల్పోయిన దళిత విద్యార్థికి 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు 142వ అధికరణ కింద ఆ సీటు ఇప్పించింది. అందరూ ఢిల్లీ దాకా వెళ్లలేరు. 2018 నుంచి నియమితులైన హైకోర్టు న్యాయమూర్తుల్లో ఎస్సీలు నూటికి నలుగురైనా లేరని కేంద్రం పార్లమెంటుకు సమర్పించిన లెక్కలే చాటుతున్నాయి. ఆ కొరతకు బీజం తరగతి గదిలోనే పడుతోంది.

కూలి చేసే ఇంటికి ఏడాది నిరీక్షణ, శిక్షణ ఖర్చు తేలికైనవి కావు. కాబట్టి చేరడమే మేలు. అయితే మూడు ప్రశ్నలడిగి చేరాలి. బార్ కౌన్సిల్ ఆమోదం ఉందా? ఉపకారవేతనం విడుదలయ్యేదాకా రుసుము కోసం ఒత్తిడి చేయకుండా ఆగుతారా? రిజర్వుడు అధ్యాపక పోస్టులను శాశ్వత ప్రాతిపదికన నింపారా? వీటికి లిఖితపూర్వకంగా బదులివ్వడం సంస్థల బాధ్యత. ఆ బదులు చెల్లుబాటయ్యేలా నిధులివ్వడం ప్రభుత్వాల బాధ్యత. కొందరికి కులం సమకూర్చే అండను మిగిలినవారికి రాజ్యమే సమకూర్చాలి. అది దయ కాదు, రాజ్యాంగం చేసిన వాగ్దానం.