పాదాలు చూసేవాళ్లు కావాలి

పోయిన ఆదివారం ఒక గృహప్రవేశంలో, బైపీసీ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి తనకు పాడియాట్రీ చదవాలని ఉందంది. అదేమిటని అడిగితే పాదాల వైద్యమని చెప్పింది. "ఇంత చదివి ముసలాళ్ల గోళ్లు తీస్తావా తల్లీ" అన్నాడొక పెద్దాయన. అందరూ నవ్వారు. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని లోపలికి వెళ్లిపోయింది. వారమంతా నాకు ఆ నవ్వు మింగుడు పడలేదు.

అవును, గోళ్లు తీస్తుంది. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ పోయిన మనిషికి గోరు లోతుగా తెగితే ఏమవుతుందో నవ్వినవాళ్లకు తెలుసా? చెప్పులో రాయి దూరినా అతనికి తెలియదు. పొద్దస్తమానం దానిమీదే నడుస్తాడు. ఒత్తిడి పడ్డచోట ఆనెకాయ కడుతుంది, దాని కింద మాంసం నలిగి పుండవుతుంది, చీము ఎముక దాకా పోతుంది. నొప్పి లేదు గనక ఇంట్లో ఎవరికో వాసన తగిలాకే ఆసుపత్రి. వేలితో పోవాల్సింది అప్పటికి మోకాలి దాకా వస్తుంది. షుగరు వల్ల కాలు తీసేయాల్సి వచ్చినవాళ్లలో నూటికి 85 మందికి మొదట పట్టింది ఇలాంటి పుండేనని వైద్యులు ఏళ్లుగా చెబుతున్నారు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును అరికాలికి అక్కడక్కడా ఆనించి "తెలుస్తోందా?" అని అడిగితే చాలు, ఎవరికి ప్రమాదం ఉందో కొద్ది నిమిషాల్లో తేలుతుంది. ఆ కాస్త సమయం పెట్టే మనిషి మన ఓపీల్లో ఎక్కడున్నాడు? షుగరు చీటీ రాయించుకుని బయటికొచ్చే రోగిని చెప్పులు విప్పమని అడిగేవాళ్లే లేరు.

2023లో వెలువడ్డ ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు. ఆ మరుసటి ఏడాది నీట్ రాసిన పిల్లలు 23 లక్షల పైమాటే. ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. మిగిలిన లక్షల మందికి మన జూనియర్ కాలేజీలు చెప్పే దారి ఒక్కటే, లాంగ్ టర్మ్ కోచింగ్. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు. పదిహేడేళ్ల పిల్లల్ని హాస్టలు గదుల్లో కుక్కి, సీటు రాకపోతే బతుకే లేదని నమ్మించే ఈ వ్యాపారం మీద ఈ శీర్షికలో ఎన్నోసార్లు రాశాను, ఇంకా రాస్తాను. ఆ పిల్లల్లో వందమందికి పాదాల వైద్యం నేర్పినా ఎన్ని కాళ్లు నిలబడేవి!

లండన్‌లో కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి 1981లోనే షుగరు రోగుల పాదాలకు ప్రత్యేకంగా క్లినిక్ తెరిచింది. డాక్టరు, పాదాల నిపుణులు, నర్సు, బూట్లు అమర్చేవాళ్లు ఒకేచోట కూర్చున్నారు. కొన్నేళ్లలోనే అక్కడ పెద్ద ఆపరేషన్లతో కాళ్లు తీసేయడం దాదాపు సగానికి తగ్గింది. కొత్త మందేదీ కనిపెట్టి కాదు. శ్రద్ధగా పాదాలు చూశారు, అంతే.

ఈ విద్య మనకు పరాయిది కూడా కాదు. తమిళనాడు కొల్లి కొండల్లో 1914లో పుట్టిన డాక్టర్ పాల్ బ్రాండ్ 1946లో వేలూరు సీఎంసీకి వచ్చాడు. కుష్ఠు రోగుల వేళ్లు రోగం తినేయడం వల్ల పోవడం లేదని, నొప్పి తెలియక తగిలే దెబ్బల వల్ల పోతున్నాయని చూపించాడు. ఆ పాదాల కోసమే మెత్తటి రబ్బరు అడుగుతో ఎంసీఆర్ చెప్పులు వచ్చాయి. 1966లో అమెరికా వెళ్లాక, ఇక్కడ నేర్చినదాన్నే ఆయన షుగరు రోగుల పాదాలకు వాడాడు. చిత్తూరు జిల్లా జనం బస్సెక్కి వెళ్లే ఊళ్లో పుట్టిన జ్ఞానం ఇది.

ఆ అమ్మాయికి నా మాట ఇది. అమ్మా, బ్రిటన్‌లో ఇంటర్ తర్వాత మూడేళ్ల డిగ్రీ చేసి, అక్కడి నియంత్రణ సంస్థ హెచ్‌సీపీసీలో నమోదు చేసుకుంటేనే పాడియాట్రిస్టు అనే పేరు పెట్టుకోనిస్తారు. అమెరికాలో దారి పొడుగు. డిగ్రీ, ఎంక్యాట్ ప్రవేశ పరీక్ష, నాలుగేళ్ల పాదవైద్య కోర్సు డీపీఎం, ఆపైన మూడేళ్ల రెసిడెన్సీ. అక్కడ వాళ్లు శస్త్రచికిత్సలూ చేస్తారు. ఇక్కడే ఉండాలంటే ఫిజియోథెరపీలోనో, కృత్రిమ అవయవాల కోర్సులోనో చేరి, షుగరు పాదాలు చూసే క్లినిక్‌లో పని నేర్చుకోవాలి. ఏ కన్సల్టెన్సీకి డబ్బు కట్టకముందే ఒక పెద్దాసుపత్రి డ్రెస్సింగు గదిలో అనుమతి అడిగి కొన్నాళ్లు నిలబడు. ఆ వాసన ఓర్చుకోగలవా, ముసలివాళ్ల మాట ఓపిగ్గా వినగలవా, కత్తి పట్టిన చెయ్యి వణక్కుండా ఉంటుందా చూసుకో. డిచ్‌పల్లి, సాలూరు కుష్ఠు ఆసుపత్రులకు వెళ్లి అక్కడివాళ్లను అడుగు. స్పర్శ లేని పాదం గురించి వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

అయితే చదివొచ్చిన పిల్లకు హోదా ఏమిటి? 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం షెడ్యూల్లో పాడియాట్రిస్టు పేరుంది. మన పిల్లలు తిరగేసే కోర్సుల జాబితాల్లో మాత్రం నాకది కనబడలేదు. ఉద్యోగం, జీతం, పోస్టు లేకుండా చట్టంలో పేరుండి ఏం లాభం?

నిజానికి ఆ నవ్వు గోళ్లను చూసి వచ్చింది కాదు. పాదమంటే, తోలంటే, చెప్పు కుట్టే చెయ్యంటే మనలో పాతుకుపోయిన కులపు ఏవగింపు అది. పాదం కొలత చూపుతోనే పట్టే మాదిగ పనివాళ్లు ప్రతి పల్లెలో ఉండేవారు. కిర్రు చెప్పులు కుట్టిన ఆ చేతుల్ని కూలిపనికి తోలేశాం. వాళ్ల కోసమే పెట్టిన తోలు పరిశ్రమల సంస్థ లిడ్‌క్యాప్ పేరు ఎన్నికల సభల్లో తప్ప వినబడదు. షుగరు రోగికి కావలసిన చెప్పు బజారులో సైజు నంబరు చూసి కొనేది కాదు, అతని పుండును బట్టి, వంకరను బట్టి కుట్టాల్సింది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రతి బోధనాసుపత్రిలో పాదాల ఓపీ పెట్టాలి, దాని పక్క గదిలో ఈ పనివాళ్లకు నెల జీతమిచ్చి కూర్చోబెట్టాలి. వచ్చే బడ్జెట్‌లో ఈ రెండింటికీ పద్దు చూపించమని మన ఎమ్మెల్యేలను అడుగుతున్నాను.