రియాక్టరు లేకపోయినా ప్రమాదం ఉంది



అణు ప్రమాదం అంటే అందరూ చెర్నోబిల్ పేరే చెప్తారు. 1986 ఏప్రిల్ 26న పరీక్ష చేస్తా భద్రత ఏర్పాట్లు ఆపి పెట్టినారు. రియాక్టరు కట్టడంలో కూడా లోపం ఉంది. అది పేలి ప్రిప్యాత్ ఊరు ఊరంతా ఖాళీ అయింది. 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో సునామీకి కరెంటు పోయి, చల్లబరిచే మోటార్లు ఆగి, మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది.

మన కడప జిల్లాలో రియాక్టరు లేదు కదా, మనకేం భయం అంటారు. నేను ఒప్పుకోను. పులివెందుల దగ్గర వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, మిల్లు ఉన్నాయి. రాయిని పొడిచేసి యురేనియం తీసినాక మిగిలిన బురదను టెయిలింగ్ పాండ్ అనే చెరువులో నిలవ చేస్తారు. ఆ బురదలో రేడియం ఉంటుంది. అది సగం తగ్గడానికే 1,600 ఏళ్ళు పడుతుంది.

అమెరికాలో చర్చ్ రాక్ అనే చోట ఇట్లాంటి చెరువు కట్టే 1979 జులై 16న తెగింది. కట్టకు బీటలు వచ్చినాయని ముందే తెలుసు. 35 కోట్ల లీటర్ల విషపు నీళ్ళు ప్యూర్కో నదిలో కలిసి 120 కిలోమీటర్లకు పైగా పోయినాయి. ఆ నది నీళ్ళు గొర్రెలకు, పైర్లకు వాడేది నవాహో ఆదివాసీలు, మనలాంటి వాళ్ళే. ఆ అపాయం సంగతి వాళ్ళకు వెంటనే తెలియలేదు. కాబట్టి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు అక్కలు కూడా మా ఊరికి దూరంలే అనుకోవద్దు.

తుమ్మలపల్లె చెరువు దగ్గర కొట్టాల రైతులు బోరు నీళ్ళు చెడినాయి, అరటి తోటలు దెబ్బతిన్నాయి అన్నారు. 2018లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది. మా వల్ల కాదని యురేనియం కార్పొరేషన్ చెప్పింది. ఎవరి మాట నిజమో నీళ్ళ పరీక్షే తేల్చాల.

అందుకే నేను అడిగేది ఒకటే. కంపెనీ వాళ్ళు కాకుండా వేరేవాళ్ళు ప్రతి నెలా బోరు నీళ్ళు పరీక్ష చేయాల. లీటరుకు యురేనియం 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ అంకె, మన బోరు అంకె పక్కపక్కన తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాల. చదువు రానోళ్ళకు గ్రామసభలో చదివి వినిపించాల.

గని వస్తే ఉద్యోగాలు, దేశానికి కరెంటు వస్తాయంటారు. అది నిజమే. కానీ ఉద్యోగం చేసేవాళ్ళ పిల్లలు కూడా ఆ నీళ్ళే తాగాల కదా!

ఇది నా అభిప్రాయం. కాదనేవాళ్ళు పక్కన కాగితం అంటించండి, చదువుతాను.

- 9వ తరగతి విద్యార్థిని